నా గొంతు పిలిస్తే పోవద్దండి

ఆ మిల్లు సావుకారిని నేను ఇంకా మన్నించలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ నన్ను తప్పు పట్టరు. ఆదివారం చర్చిలో పగవాళ్లను క్షమించమని అయ్యగారు చెప్పినప్పుడల్లా నాకు చెడు చేసినవాళ్లను ఒక్కొక్కరినే తలుచుకుంటాను, ఒక్కొక్కరినే వదిలేస్తాను. ఆయన వంతు వచ్చేసరికి నాకు దగ్గు వస్తుంది.

ఆదోనిలో ఆయనది పత్తి మిల్లు. గింజ తీసి, దూదిని బేళ్లు కట్టి పంపుతారు. అందులో నా పని ఫోన్లు చేయడం. సీజను మొదలైందంటే ఎమ్మిగనూరు చుట్టూ ఉన్న పల్లెల నుంచి అటు మాధవరం దాకా రైతులకు ఫోన్ చేసి, ఎవరి పత్తి ఏ రోజు తేవాలో చెప్పేదాన్ని. మిల్లు ఆవరణలో చోటు లేకపోతే ఎవరినీ పిలిచేదాన్ని కాదు. ట్రాక్టరు బాడుగకు మాట్లాడుకుని, సంచులు ఎక్కించుకుని అంత దూరం వచ్చినవాడిని గేటు దగ్గర నిలబెట్టడం కన్నా పాపం ఇంకొకటి లేదని మా అమ్మ చెప్పేది. అమ్మ కూడా గుత్తకు చేను తీసుకుని పత్తి వేసే మనిషే. ఆ నిలబడటం ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు.

రైతుల్లో నన్ను చూసినవాళ్లు తక్కువ. వినని వాళ్లు లేరు. "ఆ పాప పిలిస్తే సరుకు ఎత్తొచ్చు" అనే మాట పల్లెల్లో ఉండేది. నాకు ఉన్న ఆస్తి అదే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు కదా, నాకు ఒక ఊరు కాదు, ఆ దారి పొడుగునా ఊళ్లన్నీ మంచివే.

మా వైపు మర్యాద ఒకటి చెప్పాలి. ఫోన్లో ఎవరూ "రాను" అనరు. పెళ్లికి పిలిచినా, పంచాయితీకి పిలిచినా, పత్తికి పిలిచినా "వస్తాండాం, దారిలో ఉండాం" అనే అంటారు. అప్పటికి మనిషి ఇంకా మంచం దిగి ఉండడు. ఇది అబద్ధం కింద లెక్కకు రాదు. పిలిచినవాడికి మొహం మీద "రాను" అని చెప్పడం మాకు చేతకాదు. అందుకని "వస్తాండా" అన్నవాణ్ణి నేను ఊరికే వదిలేదాన్ని కాదు. "ఏదన్నా, ట్రాక్టరు సద్దు ఇనిపించు" అనేదాన్ని. ట్రాక్టరు వినిపిస్తే వస్తున్నట్టు. కోడి వినిపిస్తే ఇంట్లోనే ఉన్నట్టు. "యాడుండావన్నా, కోళ్లు కూడా నీతో దారిలోనే ఉండాయా?" అంటే అవతల పెద్ద నవ్వు. ఆ నవ్వుతోనే నిజం చెప్పేవాడు.

ఒక దసరా అయిన తర్వాత సావుకారి బెంగళూరు నుంచి కంప్యూటరు మనుషులను పిలిపించాడు. అందరినీ ఆవరణలో కూర్చోబెట్టి ఆయనే చెప్పాడు, ఏఐ, ఆటోమేషన్, క్లౌడు, ఈ మూడూ కలిపితే మిల్లు దానంతట అదే నడుస్తుందని. రైతును యంత్రమే పిలుస్తుంది. ట్రాక్టరు నంబరు చూసి గేటు దానంతట అదే తెరుచుకుంటుంది. కాటా బరువు చెబుతుంది. లెక్కలన్నీ క్లౌడులో ఉంటాయి. పత్తిలో ఆకు, చెత్త ఏరే అక్క ఒకామె నా పక్కన కూర్చుంది. మిల్లులో నాకున్న స్నేహం ఆమెతోనే.

"క్లౌడంటే మబ్బు, మోడమే కదమ్మే? మోడంలో లెక్కలు పెడితే వానకు తడ్సిపోవా?" అని నా చెవిలో అడిగింది. ఇద్దరం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాం.

తర్వాత కొన్నాళ్లు నన్ను ఆఫీసు వెనకాల ఏసీ గదిలో కూర్చోబెట్టారు. కిటికీలకు దుప్పట్లు కట్టి, ముందర మైకు పెట్టి, కాగితాలు చదవమన్నారు. అంకెలు, ఊళ్ల పేర్లు, "నమస్కారమన్నా", "అయ్యో, అవునా", "తప్పకుండా రండి". ఒకసారి నవ్వుతూ, ఒకసారి జాలిగా. ఎందుకని అడిగితే, మిల్లుకు ఎవరైనా ఫోన్ చేసినప్పుడు మొదట వినపడే నాలుగు మాటల కోసమన్నారు. నాలుగు మాటలకు ఇన్ని కాగితాలా అనిపించింది. అయినా గొంతు బాగుందని పొగుడుతుంటే ఎవరికి చేదు? వేడినీళ్లు తాగి మరీ చదివాను. చివరి రోజు సావుకారి స్వయంగా మైసూరుపాకు డబ్బా చేతిలో పెట్టాడు.

డబ్బా ఖాళీ కాకముందే పిలిచి, రేపటి నుంచి రావద్దన్నాడు. నేను తప్పేం చేశానని అడిగాను.

"తప్పేం ల్యామ్మా," అన్నాడు నవ్వుతూ. "నీ గొంతు ఈడే ఉంటాది. నువ్వు ఇంటికి పో. నీ పని అది చేస్తాంది, నీకెందుకు కష్టం?"

ఆ నవ్వు నేను చచ్చేదాకా మరచిపోను. పని తీసేయడం ఎవరైనా చేస్తారు. ఇంట్లోకి వచ్చి వస్తువు ఎత్తుకుని, ఆ వస్తువుతోనే నన్ను ఎగతాళి చేయడం ఆయన ఒక్కడే చేశాడు.

నేను ఎమ్మిగనూరులో ఒక బట్టల అంగట్లో పనికి కుదిరాను. గది మాత్రం ఆదోనిలోనే. రోజూ పొద్దున బస్సు. ఇప్పుడు మా ఆడవాళ్లకు బస్సు ఊరికే గానీ, దిగే ఊరు చెప్పి సున్నా టికెట్టు తీసుకోవాలి. ఒక రోజు కండక్టరుతో "ఎమ్మిగనూరు" అన్నాను. అంతే. ముందు సీట్లో తలపాగా చుట్టుకున్న ఒక రైతు వెనక్కి తిరిగాడు.

"ఈ గొంతే! ఈమే!" అని లేచి నిలబడ్డాడు. "ఏమ్మా, రా అంటివి, మంచి రేటు అంటివి. నా మాదిరి ఊరూరోళ్లనంతా ఒగే దినం రమ్మంటివి. పొద్దుగూకేదాకా గేటు బయట ఎండలో నిలబెట్టి, పత్తి తేమగా ఉందని రేటు కోసినారు. ట్రాక్టరోడు బాడుగ బాడుగ అని అరుస్తాంటే యాడికి పోయేది? ఇచ్చేసి వచ్చినా. నీకు బిడ్డలు ల్యారా? నీ నోట్లో మన్ను పడ!"

బస్సంతా నా వైపు చూసింది. నేను పని మానేసి చాలా రోజులైందని చెప్పాను. చెప్పిన కొద్దీ అదే గొంతు, ఆయనకు ఇంకా ఒళ్లు మండింది. ఆయన మాటల్లోనే నాకు సంగతి అర్థమైంది. సావుకారి ఆ యంత్రం చేత మిల్లుకు పట్టనంత మందిని పిలిపిస్తున్నాడు. నిలబడి నిలబడి విసిగినవాడు ఏ రేటుకైనా ఇస్తాడు. అది నేను ఎన్నడూ చేయనన్న పని. ఇప్పుడు నేనే చేస్తున్నాను, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, అలుపు లేకుండా, నవ్వుతూ.

ఆ రోజు నుంచి బస్సులో నోరు విప్పలేదు. ఆధార్ కార్డు చూపించి, ఎమ్మిగనూరు అని రాసుకున్న చీటీ చూపించేదాన్ని. కండక్టరు నన్ను మూగదనుకుని, పాపం, కూర్చోవడానికి సీటు ఇప్పించేవాడు. అంగట్లోకి పల్లెవాళ్లు వస్తే చీర మడతలు విప్పి చూపించడమే, మాట లేదు. సొంత గొంతుకు భయపడి బతకడం ఎట్లా ఉంటుందో పగవాడికి కూడా తెలియకూడదు అంటారు. నేను అట్లా అనను. ఈ పగవాడికి తెలియాలి.

ఇదంతా అయినా నేను ఏడ్చి ఊరుకునేదాన్నే. అమ్మ సంగతి జరిగి ఉండకపోతే.

ఒక ఆదివారం ఊరికి పోయాను. మా ఊరు మాధవరం దగ్గర. అమ్మ చర్చిలో నా పక్కన కూర్చోలేదు. ఇంటికి వచ్చినాక కంచంలో సంగటి పెట్టి, మొహం అటు తిప్పుకుంది. ఏమైందని మళ్లీ మళ్లీ అడిగాను. చివరికి అంది:

"నన్ను ‘మీరు’ అంటావా? నేను నీకు ఎవరో పరాయిదాన్నా?"

నేను అననే లేదన్నాను.

"మొన్న ఫోన్ జేస్తివి కదమ్మే. నీ గొంతు ఇని నా పానం లేచొచ్చింది. మోకాలు వాచిందని చెప్తి. ఈనిన మేక సచ్చిపోయిందని ఏడిస్తి. నువ్వు ‘అయ్యో, అవునా’ అంటివి. ఎంత బాగా అంటివి! మళ్లీ మరుచ్చణమే ‘మీ సరుకు ఎన్ని సంచులు ఉంటుందమ్మా’ అంటివి. నువ్వు ఫోన్ జేసి నన్ను తిట్టకుండా పెట్టేసింది ఎప్పుడన్నా ఉందా? మాత్ర ఏసుకోల్యా అని తిట్టల్యా. ఎండలో పోయినావా అని తిట్టల్యా. పట్నంలో ఉండి నా కూతురికి నేను బరువైపోతి అనుకుంటి."

అమ్మ పేరు కూడా మిల్లుకు పత్తి వేసే రైతుల్లో ఉంది. యంత్రానికి మా అమ్మ ఒక ఫోన్ నంబరు. అమ్మకు ఆ యంత్రం తన కూతురు. ఆ "అయ్యో, అవునా" నేను ఏసీ గదిలో జాలిగా చదివిందే. వేడినీళ్లు తాగి మరీ చదివింది.

నాకు ఏడుపు రాలేదు. ఆ సంగటి ముద్ద మీద చెయ్యి పెట్టే అనుకున్నాను, సావుకారీ, నా గొంతుతోనే నీ మిల్లు మూయిస్తానని.

మర్నాడు బస్సులో ఆ తలపాగా రైతు కనిపించగానే పోయి పక్క సీట్లో కూర్చున్నాను. ఆయన మొహం తిప్పుకున్నాడు.

"అన్నా, నిన్ను పిలిచిన నంబరు ఉంది కదా, ఒక్కసారి దానికి ఫోన్ జెయ్యి. నన్నే చూస్తా జెయ్యి" అన్నాను.

చేశాడు. నేను పెదాలు గట్టిగా మూసుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఫోన్లోంచి నా గొంతు "నమస్కారమన్నా, బాగున్నారా?" అంది. ఆయన నా నోటి వంక చూశాడు, ఫోను వంక చూశాడు, మళ్లీ నా నోటి వంక చూశాడు. వెనక సీటువాళ్లు కూడా లేచి చూశారు. ఫోన్లో నేను "మీ పత్తి సిద్ధంగా ఉందా అన్నా?" అని అడుగుతూనే ఉన్నాను.

"ఓరి నీ..." అని ఆయన ఫోను కట్ చేశాడు. తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు. "నేను నీ నోట్లో మన్ను పడాలంటినే తల్లీ."

"పడాల్సిన నోరు వేరే ఉందన్నా. నువ్వు సాయం జేస్తే పడతాది."

సావుకారి ఆ నెలలోనే పెద్ద ఆర్భాటం పెట్టుకున్నాడు. బయటి ఊళ్ల నుంచి బేళ్లు కొనే పెద్దలను, వేరే మిల్లుల యజమానులను పిలిచి తన తెలివైన మిల్లు చూపించబోతున్నాడు. ఏ రోజో పత్తి ఏరే అక్క చెప్పింది. తలపాగా అన్న, నేను కలిసి పల్లెలకు ఒకే మాట చేరవేశాం. సంతలో, చర్చి మెట్ల మీద, ఆదోని మార్కెట్ యార్డులో పత్తి రాశుల పక్కన, మంత్రాలయం బస్సులో. మాట ఇంతే: "ఆ దినానికి నా గొంతు పిలిస్తే వస్తాం అనండి. రావద్దండి. ఆ పొద్దు మీ పత్తి యార్డుకు ఎత్తుకుపోండి." నమ్మనివాళ్ల ముందు పెదాలు మూసుకుని కూర్చుని ఫోన్ చేయించాను. నమ్మిన తర్వాత ఆడవాళ్లు నాకంటే ఎక్కువ తిట్టారు. గొంతు దొంగిలించడం అనే మాట వాళ్లు ఎన్నడూ వినలేదు గానీ, విన్న వెంటనే అర్థం చేసుకున్నారు.

ఆ పొద్దున నేను అంగడికి సెలవు పెట్టి, మిల్లు ఎదుట టీ బంకు దగ్గర కూర్చున్నాను. గేటుకు పూలదండలు. లోపల పందిరి, పందిరి కింద పెద్ద తెర, ఆ తెర మీద ఏ ఊరి నుంచి ఎవరెవరు వస్తున్నారో పచ్చరంగులో మెరుస్తోంది. అందరూ వస్తామన్నారు మరి. ఒక్క ఎర్ర గీత లేదు. దాన్ని నమ్మి సావుకారి కూలీలను రెండింతలు పెట్టుకున్నాడు. లారీలు వరసగా నిలబడ్డాయి. అతిథులకు శాలువాలు కప్పారు, టిఫిన్లు పెట్టారు. యంత్రాలు గర్రుమంటూ ఖాళీగా తిరుగుతున్నాయి.

ట్రాక్టరు రాలేదు.

కాసేపటికి గేటు దానంతట అదే తెరుచుకుంది. పందిరి కింద వాళ్లంతా చప్పట్లు కొట్టారు. వచ్చింది నీళ్ల ట్యాంకరు.

నేను రెండో టీ చెప్పాను. రైతులు రాకపోయేసరికి యంత్రం మళ్లీ అందరికీ ఫోన్లు చేసింది. అందరూ మళ్లీ "వస్తాండాం, దారిలో ఉండాం" అన్నారు. అది మళ్లీ నమ్మింది. మా వైపు కోడి కూత వినడం దానికి ఎవరూ నేర్పలేదు. పక్కన ఆదోని యార్డులో ఆ రోజు పత్తి కొండలా పడింది. మధ్యాహ్నానికి అతిథులు చేతి గడియారాలు చూసుకుంటూ కార్లెక్కారు. అందులో ఒకాయన పోతూ పోతూ సావుకారి భుజం తట్టి ఏదో అని నవ్వాడు. ఆ నవ్వు కోసం నేను ఎన్ని టీలైనా తాగేదాన్ని. నన్ను ఇంటికి పొమ్మన్నప్పుడు ఆయన నవ్విన నవ్వు అచ్చం అదే.

ఆ తర్వాత కూడా యంత్రం ఎవరిని పిలిచినా వస్తామనే అన్నారు, ఎవరూ రాలేదు. సావుకారికి ఎవరు చెప్పారో గానీ, ఒక సాయంత్రం నాకు కబురు పంపాడు. పోయాను. కుర్చీ వేయించాడు. ఇదివరకు ఆ గదిలో నాకు కుర్చీ లేదు.

"మళ్లీ పనికి రామ్మా. ఉన్నదానికంటే ఎక్కువే ఇస్తా."

"నా గొంతు తీసెయ్యప్పా." అంతకుముందు ఆయన్ని సార్ అనే అనేదాన్ని.

"అది నా చేతిలో ల్యామ్మా. క్లౌడులో ఉండాది."

"అయితే ఆ మోడం కరిగేదాకా నీ మిల్లుకు పత్తి రాదు."

ఆయనకు కోపం వచ్చింది. "నీకు జీతం ఇచ్చినా కదా నేను? ఊరికే చదివినావా?"

"జీతం నా పనికి ఇచ్చినావు. ఈ గొంతు మా అమ్మ ఇచ్చింది. మా అమ్మనే దాంతో మోసం జేసినావు."

నాలుగు రోజుల్లో తీయించాడు. చేతిలో లేనిది చేతికి ఎట్లా వచ్చిందో ఆయనకే తెలియాలి. దాని బదులు బెంగళూరువాళ్లు రెడీమేడ్ గొంతు ఒకటి పెట్టారు. రైతులు అది ఏ అప్పుల కంపెనీయో అనుకుని ఫోను పెట్టేశారు. ఊళ్లో ఇంకో ఆడపిల్లను కూర్చోబెడదామంటే, పత్తి ఏరే అక్క అందరి చెవినా వేసింది, ఎవరూ ఆ ఏసీ గది గడప తొక్కలేదు. చివరికి సావుకారే దుప్పట్లు కట్టిన గదిలో కూర్చుని కాగితాలన్నీ చదివాడు.

ఇప్పుడు పల్లెలకు ఆయన గొంతే ఫోన్ చేస్తుంది. నా పగ ఇంత బాగా తీరుతుందని నేనే అనుకోలేదు. సావుకారి ఎదుట నోరెత్తలేని రైతులు ఆ ఫోను కోసం కాచుకుని కూర్చుంటారు. తాతల నాటి నుంచి దాచుకున్న తిట్లన్నీ తీస్తారు. యంత్రం ఓపికగా వింటుంది, "సరేనన్నా" అంటుంది, సాయంత్రం ఆ రోజు మాటలన్నిటి సారాంశం రాసి సావుకారి ఫోనుకు పంపుతుంది. ఒక రోజు ఆఫీసు గుమాస్తా అది చూసి, నవ్వు ఆపుకోలేక బయటికి వచ్చి అక్కకు చదివి వినిపించాడట: "పలువురు రైతులు మీ వంశం గురించి ప్రస్తావించారు. మీరు బావిలో దూకాలని ఒకరు సూచించారు." చేసుకున్నవాడికి చేసుకున్నంత.

ఇక్కడితో అయిపోతే నేనూ ఆయన్ని మన్నించి, చర్చిలో దగ్గు మానేసేదాన్నేమో. కానీ అమ్మ ఉంది.

నేను ఫోన్ చేస్తే అమ్మ ఇప్పుడు వెంటనే పలకదు. ఎత్తి, ఊపిరి బిగబట్టి వింటుంది. "అమ్మా, నేనే" అంటాను. అట్లా ఎవరైనా అంటారు అన్నట్టు ఊరుకుంటుంది. గొంతు గుర్తుపడుతుంది గానీ, దాన్ని నమ్మదు.

"ముందు తిట్టు," అంటుంది. "తిట్టినాక మాట్లాడతా."

తిడతాను. మాత్ర ఎందుకు వేసుకోలేదని, వాచిన మోకాలితో చేనుకు ఎందుకు పోయావని, బుద్ధి ఉందా అని. తిట్టి తిట్టి ఆగితే అవతల నిట్టూర్పు వినపడుతుంది. "ఆ, నా కూతురే. ఇప్పుడు సెప్పు, తిన్యావా?"

కొన్ని రోజులు తిట్టు రాదు. అలిసిపోయి ఉంటాను, ఆమె మీద ప్రేమ తప్ప ఏమీ ఉండదు. వట్టి ప్రేమగా మాట్లాడితే ఫోను పెట్టేస్తుంది. అప్పుడు కళ్లు మూసుకుని సావుకారి నవ్వును తలుచుకుంటాను. కోపం వస్తుంది. ఆ కోపంతో మా అమ్మను తిడతాను.